నాలుగో పేరు

ఎడమచేతి వేళ్లు కదులుతున్నాయి, అంటే పిల్ల ఇక్కడే ఉంది. జెరూసలేములోని ఆ పెద్ద హాలు వేదిక మీద తెల్లచొక్కాలు వేసుకుని వరసగా కూర్చున్న పిల్లల్లో చివరి నుంచి రెండో కుర్చీ ఎలిషెవాది, ఇంట్లోవాళ్ల షెవాది, ముందున్న బల్ల మీద ఆమె పేరు రాసిన పలక, పేరు కింద ఊరి పేరు బేత్ షెఆన్, ఆ పలకని పిల్ల ఎడమచేత్తో కాస్త ఇటు జరుపుతోంది, కాస్త అటు జరుపుతోంది, జరపనీ, ఎంతసేపైనా జరపనీ, ఆ చెయ్యి ఆగనంతవరకూ భయం లేదు అనుకుంది రుహామా, అనుకుని టీవీ ముందు సోఫా అంచుకి ఇంకాస్త జరిగింది, మోకాళ్లు టీపాయికి తగిలేదాకా. అంతలో ఆ కెమెరావాడు, వాడి దుంపతెగ, సరిగ్గా చెయ్యి కనబడుతున్నప్పుడే తిప్పేశాడు. మొదటి వరసలో మంత్రులు, వాళ్ల భార్యలు, ఓ పక్కన పాటలు పాడే పిల్లల బృందం, జెండా, మళ్లీ జెండా. జెండాని ఎంతసేపు చూపిస్తావు నాయనా, స్వాతంత్ర్య దినమని నిన్నటి నుంచీ ప్రతి బాల్కనీకీ ప్రతి కారు కిటికీకీ జెండాలే చూస్తున్నాం, నా పిల్లని చూపించు.

"ఏమడిగారే?" అంది అత్తగారు మెసోదీ, పక్కన వాలుకుర్చీలోంచి.

"మనదాని వంతు ఇంకా రాలేదత్తయ్యా!" అని రుహామా అరిచింది. ఆవిడకి కుడిచెవి పూర్తిగా పోయింది, ఎడమచెవిలో అరిస్తే సగం వినబడుతుంది, మిగతా సగం ఆవిడే కల్పించుకుంటుంది. ఒడిలో పొద్దుతిరుగుడు గింజల పళ్లెం, గింజ కొరికి పొట్టు అరచేతిలోకి ఊదడం, పొట్టంతా నేలమీద. కింద వాకిట్లో పొరుగింటి జానెట్ వాళ్లు పొద్దున్నే బొగ్గులు రాజేశారు, అట్టముక్కతో విసురుతున్న చప్పుడు, మాంసం కొవ్వు నిప్పుల్లో పడి చురచురమనడం, ఆ పొగంతా బాల్కనీలోంచి లోపలికి వస్తోంది, తలుపు మూద్దామంటే ఈ లోయలో వసంతంలోనే కొలిమిలా ఉంటుంది. జానెట్ తన టీవీని కిటికీ గట్టు మీద పెట్టి వాకిట్లోకి తిప్పింది, మన షెవాని భవనమంతా చూడాలి అని. ఈ బైబిలు ప్రశ్నల పోటీలో ఊళ్ల పేర్లు చదివినప్పుడు జానెట్ మొగుడు కింద నుంచి కేకేశాడు, "బైబిల్లో మన ఊరి ఘనత ఏంటయ్యా అంటే సౌలు రాజు శవాన్ని గోడకి వేలాడదీశారు, అంతే! ఇవాళ్టి నుంచి ఇంకోటి!" అందరూ నవ్వారు. రుహామా నవ్వలేదు. ఇంతమంది చూస్తున్నారు. కింద వాకిలి చూస్తోంది, ఊరు చూస్తోంది, దేశమంతా మాంసం కాల్చుకుంటూ చూస్తోంది. అందరూ చూస్తున్నప్పుడే అది రావాలా. రాకూడదు. రాదు. చెయ్యి చూపించు నాయనా.

నిజానికి తను అక్కడ ఉండవలసింది, ఆ హాల్లో, వేదికకి దగ్గరగా. "నువ్వు రావద్దమ్మా," అంది షెవా. "ఎందుకు రాకూడదే, నీ తల్లిని!" అంటే, "నువ్వొచ్చి ఎదురుగా కూర్చుని నా కళ్లలోకి అలా చూస్తావు. ఇదిగో, ఇలాగే. నాకు జవాబు గుర్తుకు రాదు, నీ ముఖమే గుర్తొస్తుంది. నాన్నొస్తాడులే. నాన్న నిద్రపోతాడు, నాకు హాయిగా ఉంటుంది." అమ్రాం నవ్వాడు, బస్సు నడిపేవాణ్ణి, ఎక్కడ కూర్చుంటే అక్కడ నిద్ర, ఏం చెయ్యను అన్నాడు. అతనికి తెలుసు, తెలిసీ నవ్వగలడు, దేవుడు మగవాళ్లకి ఏ మందు వేసి పంపిస్తాడో. ఇప్పుడు కూడా నిద్రపోతూనే ఉంటాడు. పొద్దున్నుంచి చేస్తుంటే ఫోను కట్టేసి ఉంది. హాల్లో కట్టెయ్యమన్నారట. కట్టెయ్యమంటే కట్టేస్తావా, అక్కడ నీ ఒక్కడికే తెలుసు, ఇంతమందిలో నీ ఒక్కడికే.

అది మొదటిసారి వచ్చిన రోజు ఇంట్లో పప్పు సూపు. పిల్లకి పదకొండేళ్లు. బళ్లో ఏదో గొడవ గురించి చెబుతోంది, చెబుతూ చెంచా ఎత్తింది, చెంచా గాల్లో ఆగింది, కళ్లు తెరిచే ఉన్నాయి, ఆ కళ్లలో ఎవరూ లేరు, సూపు చెంచాలోంచి బొట్టుబొట్టుగా గౌను మీద పడుతోంది, షెవా, షెవా, ఏం వేషాలే అవి అని రుహామా కసిరింది కూడా, కసిరిందే తల్లి, అంతలో పిల్ల వెనక్కి వచ్చింది, వచ్చి వాక్యంలో మిగతా సగం చెప్పింది, గౌను చూసుకుని, ఇదెప్పుడు ఒలికింది అంది. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ, రష్యా నుంచి వచ్చినావిడ, పిల్ల తలకి తీగలు అంటించి కాగితం మీద గీతలు చూసి చాలా మామూలుగా చెప్పింది, పడిపోదు, కొట్టుకోదు, దీపం ఆరి వెలిగినట్టుంటుంది, మాత్రలు వేళకి వెయ్యండి, నిద్ర చెడనివ్వకండి, వీళ్లు పెళ్లిళ్లు చేసుకుంటారు, పిల్లల్ని కంటారు, అంత బెంగ అక్కర్లేదు. దానికి ఆవిడ చెప్పిన పేరు రుహామా ఆ గదిలోనే వదిలేసి వచ్చింది. ఇంట్లో దానికి పేరు లేదు. అది. ఇవాళ అది వచ్చిందా. బళ్లో అది వచ్చిందా, ఎవరైనా చూశారా. బయటివాళ్లకైతే పరధ్యానం అనేది, రాత్రిళ్లు చదువుతుందండీ నిద్ర చాలదు అనేది, పిల్లకి కూడా నేర్పింది, వెనక్కి రాగానే ఎవరైనా నీ ముఖంలోకి చూస్తుంటే ఆలోచిస్తున్నాను అని చెప్పు. ఆలోచిస్తున్నాను. తెలివైన పిల్ల, ఆలోచిస్తుందంటే నమ్మరా.

బైబిలు పట్టుకున్నదీ ఆ తర్వాతే. వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాజుల పేర్లు, వాళ్ల తల్లుల పేర్లు, ఎవరు ఎవరిని ఏ ఊళ్లో చంపారు, గొంతెత్తి చదువుతూ ఉండేది, ఎందుకే నీకిన్ని పేర్లు అంటే, "నాలోంచి ఎన్నెన్నో జారిపోతున్నాయి కదమ్మా. ఇవి జారట్లేదు. చూడు, ఎక్కడైనా అడుగు," అంది. అడగడానికి రుహామాకి ఏం తెలుసు, పిల్లల బడిలో ఆయా, పాటలు తెలుసు, ముక్కులు తుడవడం తెలుసు. ఊరికే వింటూ వంకాయలు తరిగేది, వింటున్నట్టు నటిస్తూ గొంతు ఆగుతుందేమో అని చెవి ఒగ్గి ఉండేది. ఓ రోజు షెవా రిస్పా కథ చదివింది. కొడుకుల శవాలని కొండమీద వదిలేస్తే ఆ తల్లి బండ మీద గోనె పరుచుకుని కోతల కాలం నుంచి వానలు పడేదాకా అక్కడే కూర్చుందట, పగలు పక్షుల్ని వాలనివ్వకుండా, రాత్రి మృగాల్ని రానివ్వకుండా. రుహామాకి కళ్లు తడిశాయి. షెవా పుస్తకం మూసి తల్లినే చూస్తూ, "నువ్వు నన్ను అలాగే కాపలా కాస్తున్నావు. నేనింకా చావలేదమ్మా," అంది. ఆ మాటకి చేతిలో కత్తి బల్ల మీద పెట్టి స్నానాల గదిలోకి వెళ్లి కుళాయి విప్పింది, ఏడుపు వినబడకుండా.

"అదిగో మనది!" అంది మెసోదీ. అవును, మనదే, న్యాయనిర్ణేతల్లో పెద్దాయన ఏదో అడుగుతున్నాడు, షెవా వింటోంది, తల కాస్త పక్కకి వంచి. చెయ్యి కనబడటం లేదు, ముఖం మాత్రమే, ముఖం తెరంతా నిండిపోయింది. మాట్లాడు. ఎందుకు మాట్లాడటం లేదు. ఆలోచిస్తోందా, లేక. కనురెప్పలు చూడాలి, ఆలోచించేటప్పుడు రెప్పలు ఆడతాయి, అది వచ్చినప్పుడు ఆడవు, లేదా బాగా తొందరగా ఆడతాయి, చూడు, కొట్టింది రెప్ప, ఆ, ఇంకోసారి. పెదవి కొరికింది. పెదవి కొరకడం మంచిది. జవాబు చెప్పింది. హాల్లో చప్పట్లు, కింద వాకిట్లో చప్పట్లు, ఎవరో పట్టకారుతో ఇనపచట్రం మీద డంగుడంగుమని కొట్టారు. రుహామా సోఫాలో వెనక్కి వాలింది.

రాత్రి నిద్ర పోయుండదు. అదే భయం. పిల్లలందర్నీ జెరూసలేములోనే ఉంచారు, నిన్న సాయంత్రందాకా దేశం చచ్చిపోయిన సైనికుల కోసం తల వంచుకుని ఉంది, పొద్దు గుంకిందో లేదో బాణాసంచా, వీధుల్లో నురగ చల్లుకోవడం, ప్లాస్టిక్ సుత్తులతో నెత్తిన కొట్టుకోవడం, తెల్లారేదాకా చిందులు. ఫోనులో, "వేసుకున్నావా?" అని గుసగుసగా అడిగింది, ఇంట్లో వినేవాళ్లెవరూ లేకపోయినా గుసగుసే. "వేసుకున్నాను." "పడుకో." "ఇక్కడెవరు పడుకుంటారమ్మా, కిటికీలు అదిరిపోతున్నాయి." ఆ పక్కన ఆడపిల్లల నవ్వులు. వాళ్లకి తెలియదు. పోటీ నడిపించేవాళ్లకీ తెలియదు. ముందే ఒకావిడ ఫోను చేసి ఎంతో మర్యాదగా అడిగింది, పిల్ల ఆరోగ్యం గురించి మేం తెలుసుకోవలసింది ఏమైనా ఉందా అండీ. "ఏమీ లేదండీ, దేవుడి దయవల్ల గుర్రంలా ఉంది." తల తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి షెవా విన్నది. చెప్పేద్దామమ్మా అని అంతకుముందే అన్నది కూడా, చెబితే ఏం చేస్తారు, ఏమీ చెయ్యరు. చెయ్యరా. రేపు ఎవరింట్లోనో పెళ్లిమాటలు వచ్చినప్పుడు, ఆ టీవీలో వచ్చిన పిల్లే కదా, పాపం దానికి, అని గొంతు తగ్గించరా. "గుర్రాన్నా నేను?" అంది షెవా, అంతే, తలుపు వేసుకుంది.

గొంతు తగ్గించడం రుహామా చిన్నప్పటి నుంచీ విన్నదే. అన్నయ్య మఖ్లూఫ్ వీధిలో పడిపోతే అమ్మ పరిగెత్తుకెళ్లి మీద దుప్పటి కప్పేసేది, చలిజ్వరం అండీ, చలిజ్వరం. ఇలాంటి పండగరోజే, నీటిబుగ్గల దగ్గర యూకలిప్టస్ చెట్ల కింద చాపలు పరిచి, అమ్మ చేపలకూర గిన్నె విప్పుతోంది, నాన్న పక్కచాప వాళ్లతో చీట్లాట, అన్నయ్య నీళ్లలో. చేపపిల్లలా ఈదేవాడు. అరవలేదు. చేతులు కొట్టుకోలేదు. నీళ్లు కొంచెం కూడా చెదరలేదు, చుట్టూ పిల్లలు ఒకళ్ల మీద ఒకళ్లు నీళ్లు చిమ్ముకుంటూనే ఉన్నారు, అన్నయ్య మాత్రం ఊరుకున్నాడు. నిశ్శబ్దంగా ఉన్నాడు కదా బాగానే ఉన్నాడనుకున్నారు. వారం రోజులూ పరామర్శకి వచ్చిన ప్రతివాళ్లతోనూ అమ్మ ఒకటే చెప్పింది, ఈత రాదండీ వాడికి, ఈత రాదు. ఈదుతుంటే చూసినవాళ్లు కూడా అవునవును, పాపం, ఈత రాదు అన్నారు. అప్పటి నుంచి రుహామాకి కేకలంటే భయం లేదు. పిల్లల బడిలో ముప్పైమంది ఒక్కసారి ఏడ్చినా భయం లేదు. ఊరుకున్న పిల్లలంటేనే భయం.

యుద్ధవిమానాలు వచ్చాయి, పండగ విన్యాసాలు, భవనం మీంచి వెళ్తుంటే అలమారలో గాజుగ్లాసులు గలగలలాడాయి, కింద పిల్లలు ఎగురుతూ అరిచారు. వినబడకపోయినా మెసోదీకి కుర్చీ అదరడం తెలిసింది, తల ఎత్తి పైకప్పు వంక దీవిస్తున్నట్టు చూసింది. ఆ రొదలో పోటీలో ఎవరు ఉన్నారో ఎవరు పోయారో వినబడలేదు, రొద తగ్గేసరికి వేదిక మీద కుర్చీలు చాలావరకు ఖాళీ అయ్యాయి. షెవా ఉంది. ఓ కుర్రాడు, ఇంకో ఇద్దరు, షెవా. పోవాల్సింది, పోతే బాగుండేది అనుకుంది రుహామా, అనుకున్నందుకు నాలుక కొరుక్కుంది. ఏ తల్లైనా అలా అనుకుంటుందా. ఓడిపోయి దిగి వస్తే వాళ్ల నాన్న బస్సులో వెనక సీట్లో పడుకుని ఇంటికొచ్చేస్తుంది, సాయంత్రానికి వంటింటి బల్ల దగ్గర ఉంటుంది, కళ్లెదుట.

పెద్దాయన కళ్లజోడు సర్దుకుని చదివాడు. ప్రాణం తీయ వచ్చినవాళ్ల చేత చిక్కకుండా ఇతరులను దాచిన నలుగురు స్త్రీలను చెప్పాలి, ఎవరిని దాచారో, ఎక్కడ దాచారో. తెర మూల గడియారం అంకెలు తగ్గడం మొదలైంది.

"మోషే తల్లి," అంది షెవా. "కొడుకుని. ఇంట్లో." చెయ్యి పలకని జరుపుతోంది. "రాహాబు. వేగులవాళ్లని. మేడ మీద, జనుపకట్టెల కింద." బాగుంది, బాగుంది, తొందరపడకు. "బహూరీము అనే ఊళ్లో ఒకామె, పేరు లేదు. యోనాతానునీ, అహిమయస్సునీ. బావిలో. మూతి మీద గుడ్డ పరిచి దాని మీద ధాన్యం పోసింది." కింద వాకిట్లో ఎవరో ఈల వేశారు. "నాలుగోది," అంది షెవా.

చెయ్యి ఆగింది.

పలక సగం జరిగి ఉంది, దాని అంచున వేళ్లు ఉన్నాయి, కదలటం లేదు. కళ్లు తెరిచే ఉన్నాయి. రుహామా లేచి నిల్చుంది, టీపాయి మీద గ్లాసు ఒరిగింది. ఇప్పుడు తిప్పవేం నాయనా కెమెరా, ఇందాకంతా తిప్పావు కదా, ఇప్పుడు తిప్పు, జెండాని చూపించు, మంత్రుల్ని చూపించు, పాడే పిల్లల్ని చూపించు, నీకు పుణ్యముంటుంది. కెమెరా తిరగలేదు, ఇంకా దగ్గరికి వచ్చింది. అంత పెద్ద ముఖం, ముక్కు పక్కన పుట్టుమచ్చ, నీళ్లలో అన్నయ్యలా ఊరుకున్న ముఖం. అంకెలు తగ్గుతున్నాయి. కింద అట్టముక్క విసరడం ఆగిపోయింది, జానెట్ అంటోంది, "నాలిక మీదే ఉంటుంది దానికి, ఆగండి, ఆలోచిస్తోంది." అవును, ఆలోచిస్తోంది, అందరూ అలాగే అనుకోవాలి, ఇంకొంచెం సేపు అనుకోండి. రుహామా టీవీ దగ్గరికి వెళ్లి వేలితో ఆ చెయ్యిని తాకింది, గాజు వేడిగా, చిటచిటలాడుతూ వేలికి తగిలింది. షెవా. ఎక్కడికెళ్లావు తల్లీ, రా.

వచ్చింది. వేళ్లు మొదట కదిలాయి, తర్వాత రెప్పలు. పిల్ల ముందు గడియారం వంక చూసింది, చూసిన చూపులోనే రుహామాకి అర్థమైంది, దానికి తెలిసిపోయింది, అంకెలు ఉన్నచోట లేవు. చెప్పు. ఆలోచిస్తున్నాను అని చెప్పు. నేర్పాను కదా. వింటున్నారు, నమ్ముతారు, చెప్పెయ్.

షెవా మైకు దగ్గరికి వంగింది. "క్షమించండి. నేను ఆలోచించట్లేదు," అంది. "నాకు మూర్ఛ ఉంది. ఇప్పుడు వచ్చి వెళ్లింది. కాసేపు నేనిక్కడ లేను. ఇద్దరిని చెప్పానో ముగ్గురిని చెప్పానో తెలియట్లేదు. ప్రశ్న మళ్లీ చదువుతారా?"

కింద వాకిట్లో నిప్పులు చురచురమంటున్నాయి. అయిపోయింది. పెద్దాయన కళ్లజోడు తీసి పక్కవాళ్ల వైపు వంగాడు, గుసగుసలు, ఎంతసేపో, తర్వాత మైకు లాక్కున్నాడు. "గడియారం ఆపండి. పోయిన సమయం తిరిగి ఇచ్చే నిబంధన లేదమ్మా, ఇవ్వలేను. కానీ ప్రశ్నా, నువ్వు చెప్పిన జవాబులూ నేను మళ్లీ చదువుతాను, చదివినంతసేపూ గడియారం నడవదు. నింపాదిగా విను."

"ఏమైందే?" మెసోదీ కోడలి గౌను పట్టుకుని లాగింది. "పిల్ల ఏమంది?"

"ఏం లేదత్తయ్యా."

"ఏం లేకపోతే అలా నించున్నావేం? ఆ ముఖమేంటి? నా మనవరాలు ఏదో అంది, అందరూ నోళ్లు తెరుచుకున్నారు. ఏమంది?"

రుహామా వంగి ఎడమచెవి దగ్గర నోరు పెట్టింది. తనకెంతో అలవాటైన గొంతుతో, ఆ తగ్గించిన గొంతుతో చెప్పింది.

"ఆఁ? ఎవరికి మూర్తం?"

"మూర్ఛ."

"గట్టిగా చెప్పి చావవే!"

"మూర్ఛ! మూర్ఛ అత్తయ్యా! షెవాకి! మన షెవాకి మూర్ఛ ఉంది! పదకొండో ఏటి నుంచీ ఉంది! మాత్రలు వేస్తున్నాం! మా అన్నయ్యకీ ఉండేది! ఈత వచ్చు వాడికి, ఈత వచ్చు, మూర్ఛ వచ్చి పోయాడు!" మొదలుపెట్టాక ఆపడం చేతకాలేదు, ఆ మాట బాల్కనీలోంచి పొగలోకి, పొగలోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి ఎక్కడెక్కడికో వెళ్లిపోతుంటే తన గొంతే తనకి ఎవరిదోలా వినబడింది.

ముసలామె కోడలి ముఖం వంక చూసింది. నోట్లో ఉన్న గింజ కొరికి, పొట్టు అరచేతిలోకి ఊదింది.

"సరే, ఉంది. జవాబు చెప్పిందా లేదా?"

రుహామా గిర్రున వెనక్కి తిరిగింది. టీవీలో జెండా ఊగుతోంది, పిల్లల బృందం పాడుతోంది. పొద్దుటి నుంచీ రెప్ప వెయ్యకుండా చూసి, చూసి, ఆ ఒక్క ముక్కా వినలేదు. "తెలీదత్తయ్యా," అంది. "నేను చూడలేదు." అప్పుడు కింద నుంచి కేక వచ్చింది, జానెట్ గొంతు, పొగకి బొంగురుపోయి, "రుహామా! ఇదిగో రుహామా! చెప్పేసిందే! ఆఖరి అంకె మీద చెప్పేసింది! వింటున్నావా, పైన ఉన్నావా అసలు?"

మూడో స్థానం వచ్చింది షెవాకి. మొదటి బహుమతి ఆ కుర్రాడికి. ఎవరెవరో చేతులు కలుపుతున్నారు, అమ్రాం వేదిక కింద నిలబడి రెండు చేతులతో ముఖం తుడుచుకుంటున్నాడు, నిద్రపోలేదు మనిషి. ఆ తర్వాత చాలాసేపటికి ఫోను మోగితే రుహామా ఎత్తడానికి భయపడింది. ఎవరో. ఏమంటారో. మోగి మోగి ఆగుతుందనగా ఎత్తింది.

"అమ్మా. కోపమా?"

"నేను వినలేదే," అంది రుహామా. "నాలుగోది ఎవరు?"

"వినలేదా! నువ్వా!" షెవా నమ్మలేదు. "యెహోషెబ. అన్న కొడుకు పసివాడు యోవాషుని పడకగదిలో దాచింది. అంతసేపూ ఏం చేస్తున్నావమ్మా?"

"మీ నానమ్మకి చెబుతున్నాను."

"ఏం చెబుతున్నావు?"

"నీకు మూర్ఛ ఉందని."

ఫోనులో చప్పుడు ఆగిపోయింది. చెయ్యి కనబడదు, రెప్పలు కనబడవు, అటువైపు ఉన్నది ఏ నిశ్శబ్దమో తెలుసుకునే దారి లేదు, షెవా షెవా అని పిలవబోయి రుహామా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, పిలవలేదు, బల్ల అంచు పట్టుకుని నిలబడి ఊరుకుంది, ఇలాగే ఉంటుంది ఇక, ప్రతిసారీ ఇలాగే.

"నానమ్మకా?" అంది షెవా, సన్నగా, ముక్కు ఎగబీలుస్తూ. "మరి అరిచి చెప్పుంటావే."

"అరిచే చెప్పాను," అంది రుహామా.